పేరాకి టాపిక్ సెంటెన్స్ అంటే అసలు ఏం రాయాలి?

ప్రశ్న: చిక్కడపల్లి రీడర్

అందరికీ నమస్కారం. నాది నల్గొండ జిల్లా. గ్రూప్-1 మెయిన్స్‌కి తెలుగు మీడియంలో ప్రిపేర్ అవుతూ అశోక్‌నగర్‌లో ఉంటున్నాను. పగలంతా చిక్కడపల్లి లైబ్రరీలోనే. ఇప్పుడు నాకున్న పెద్ద టెన్షన్ జనరల్ ఎస్సే పేపర్. మూడు గంటల్లో మూడు వ్యాసాలు, ఒక్కోటి వెయ్యి పదాల దాకా, ఒక్కోదానికి 50 మార్కులు. పెన్ను పట్టుకుంటే సమాచారం వస్తూనే ఉంటుంది, ఆ ఇబ్బంది లేదు. కానీ దిద్దించుకున్న ప్రతిసారీ మార్జిన్‌లో ఒకటే మాట కనిపిస్తోంది: "టాపిక్ సెంటెన్స్ ఏది?"

వెతికితే, పేరాలో మొదటి వాక్యమే టాపిక్ సెంటెన్స్ అని చాలాచోట్ల ఉంది. మరి నా పేరాలకీ మొదటి వాక్యం ఉంది కదా, అది టాపిక్ గురించే కదా? "హైదరాబాద్ విస్తరణ, నీటి వనరులు" అనే వ్యాసంలో నేను రాసిన పేరా ఇది:

"మూసీ నది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి భారీ వరద వచ్చింది. అప్పుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలిస్తున్నారు. ఈ వరదలో వేల మంది చనిపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ నిర్మించారు. ప్రస్తుతం మూసీ కాలుష్యంతో నిండిపోయింది. ఈ నది వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది."

తేదీలన్నీ సరిచూసుకున్నాను. ఇందులో ఏం లోపించిందో ఈ పేరా మీదే ఎవరైనా చూపించగలరా? నిర్వచనాలు చాలా చదివాను, అవి వద్దు.

---

జవాబు: మలక్‌పేట డెస్క్

తమ్ముడూ, నీ పేరా పట్టుకునే మాట్లాడతాను. నేను చాలా ఏళ్ళు ఒక తెలుగు దినపత్రిక డెస్క్‌లో సబ్ ఎడిటర్‌గా చేశాను. విలేకరులు పంపిన కాపీ దిద్దడమే పని. ఇప్పుడు నీలాంటి పిల్లలు వ్యాసాలు తెస్తే చదివి పెడుతుంటాను. నీ పేరాలో ఉన్న ఇబ్బంది నాకు రోజూ కనిపించేదే. అది తెలివి తక్కువై వచ్చేది కాదు, ఎక్కువ చదివినవాళ్ళకే వస్తుంది.

నీ పేరాలో తొమ్మిది వాక్యాలున్నాయి. అన్నిట్లోనూ మూసీ ఉంది, లేదా మూసీ మీద జరిగిన పని ఉంది. కాబట్టి విషయం ఒకటే అనిపిస్తుంది. కానీ ఆ విషయం గురించి నువ్వు ఏమంటున్నావు? మూసీ పుట్టింది, పొంగింది, మనుషులు పోయారు, చెట్టు కాపాడింది, చెరువులు కట్టారు, మురికి పట్టింది, కృష్ణలో కలిసింది. ఇవన్నీ మూసీకి జరిగినవి. వాటిని చూసి నువ్వు తేల్చిన మాట ఒక్కటీ లేదు. మార్జిన్‌లో రాసిన ఆ మనిషి అడుగుతున్నది ఆ మాట కోసమే. టాపిక్ అంటే మూసీ. టాపిక్ సెంటెన్స్ అంటే మూసీ గురించి ఈ పేరాలో నువ్వు నిలబెట్టదలచుకున్న ఒక్క మాట.

ఇంకో పని చెయ్యి. నీ మొదటి వాక్యం మాత్రమే ఉంచి, మిగతా ఎనిమిదీ చేత్తో మూసెయ్యి. "మూసీ నది అనంతగిరి కొండల్లో పుడుతుంది." ఇది చదివినవాడికి ఏ ప్రశ్న పుడుతుంది? ఏదీ పుట్టదు. "ఓహో" అని ఊరుకుంటాడు. మంచి టాపిక్ సెంటెన్స్ చదవగానే "ఎందుకు?" అనో "ఎలా?" అనో మనసులో మెదలాలి. తర్వాతి వాక్యాలన్నీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలి. జవాబు చెప్పని వాక్యం ఎంత నిజమైనా, ఎంత కష్టపడి గుర్తుపెట్టుకున్నా, ఆ పేరాలో దానికి చోటు లేదు.

సరే, నీ వ్యాసం నగర విస్తరణ, నీటి వనరుల గురించి. ఆ వ్యాసానికి 1908 వరద ఎందుకు కావాలి? నీ రూమ్మేట్ పక్కన కూర్చుని "అన్నా, నీళ్ళ వ్యాసంలో వరద ఎందుకురా?" అని అడిగాడనుకో. నువ్వేమంటావు? "ఆ వరద వల్లే గండిపేట, అదే ఉస్మాన్ సాగర్, కట్టార్రా, ఆ నీళ్ళే ఊరంతా తాగింది" అంటావు. అదీ వాక్యం. నోటికి వచ్చేసింది, కాగితం మీదకి రాలేదు, అంతే. దాన్ని కొంచెం సరిచేసి పైన పెట్టి, మిగతావి దాని కింద పేర్చి చూద్దాం:

"హైదరాబాద్ దశాబ్దాల పాటు తాగిన గండిపేట నీళ్ళ వెనక 1908 నాటి వరద ఉంది. ఆ ఏడాది సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేల మంది ప్రాణాలు తీసింది. మళ్ళీ అలాంటి విపత్తు రాకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను నగరంలోకి రాకముందే ఎగువన జలాశయాలు కట్టి ఆపాలని ఆయన సూచించారు. దాని ప్రకారమే మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లోనూ, ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. వరద నుంచి కాపాడటానికి కట్టిన ఈ రెండు జలాశయాలే పెరుగుతున్న నగరానికి తాగునీరు అందించాయి."

నీ సమాచారమే ఇది, నేను చేర్చింది తక్కువ. ఏవి పోయాయో చూడు. నది పుట్టిన చోటు, కలిసిన చోటు పోయాయి. నిజాం పేరు పోయింది. ఎందుకంటే ఇక్కడ జరిగిన పని ముఖ్యం, సింహాసనం మీద ఎవరున్నారన్నది కాదు. పైగా 1911లో ఏడో నిజాం వచ్చారు, జలాశయాలు ఆయన కాలంలో కట్టారు. ఆరో నిజాం పేరు ఒక్కటే రాస్తే చదివేవాళ్ళు తికమకపడతారు. కాలుష్యం వాక్యం ఇంకో పేరాది.

చింతచెట్టు కూడా పోయింది. నీ పేరాలో కళ్ళకి కట్టే వాక్యం అదొక్కటే, తీసేస్తుంటే నాకూ ప్రాణం ఒప్పలేదు. కానీ గండిపేట నీళ్ళు ఎలా వచ్చాయన్న ప్రశ్నకి చెట్టు జవాబు చెప్పదు. వరద ఎంత ఘోరంగా ఉందో చెప్పే పేరా వేరే రాస్తే, అక్కడ ఆ చెట్టు రాజులా కూర్చుంటుంది. టాపిక్ సెంటెన్స్ చేసే అసలు పని ఇదే. ఏది రాయాలో చెప్పడం కంటే, ఏది ఇక్కడ రాయకూడదో అది గట్టిగా చెబుతుంది. వెయ్యి పదాల్లో ముగించాల్సిన నీకు అంతకంటే కావాల్సిందేముంది?

ఇంక వాక్యం ఎంత పెద్ద మాట చెప్పాలన్నది. "నీరు లేనిదే జీవం లేదు" అని మొదలుపెట్టే పేరాలు నేను లెక్కలేనన్ని చదివాను. ఆ వాక్యం కింద ఏం రాసినా సరిపోతుంది, అందుకే అది పనికిరాదు. "ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది" అన్నది రెండో కొస. దాని కింద రాయడానికేం మిగల్లేదు. ఈ రెండిటి మధ్య, అయిదారు వాక్యాల్లో నిరూపించగలిగినంత మాట పట్టుకోవాలి. "ఈ పేరాలో మనం మూసీ గురించి తెలుసుకుందాం" అన్నదీ టాపిక్ సెంటెన్స్ కాదు. అది ప్రకటన. దయచేసి అలా ఎక్కడా రాయకు.

పరీక్ష సంగతి. ఒక్కో వ్యాసానికి గంట ఉంటుంది కదా. మొదటి పది నిమిషాలు వ్యాసం రాయకు. రఫ్ పేజీలో ఎనిమిదో తొమ్మిదో టాపిక్ సెంటెన్సులు మాత్రమే వరసగా రాసుకో. వాటిని ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా చదువుకో. వ్యాసం మొత్తం అర్థమైతే నీ ప్లాన్ బాగుంది. ఎక్కడైనా గెంతినట్టు అనిపిస్తే, రెండు పేరాల మధ్య ఏదో తప్పిపోయిందని తెలుస్తుంది. అది అప్పుడే సరిచేసుకోవచ్చు. సగం వ్యాసం అయ్యాక తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు.

చదవడం గురించి కూడా ఒక మాట. మీరంతా రోజూ పేపర్ చదువుతారు, మంచిదే. కానీ వార్తలు చదివి పేరా రాయడం నేర్చుకోవాలంటే కుదరదు. వార్తలో ముఖ్యమైనదంతా ఇంట్రోలో పెడతాం. తర్వాత ప్రాధాన్యం తగ్గుతూ పోతుంది, చోటు చాలకపోతే కింద నుంచి కోసేస్తాం. పేరాలు ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి, వాటికి టాపిక్ సెంటెన్సు అవసరమే పడదు. నువ్వు చదవాల్సింది సంపాదకీయం. ప్రతి పేరాలో రాసినాయన ఏ మాట నిలబెట్టాలనుకున్నాడో పెన్సిల్‌తో ఆ వాక్యం కింద గీత గీయి. గీత గీయడానికి వాక్యం దొరకకపోతే ఆ మాట నువ్వే సొంతంగా మార్జిన్‌లో రాయి. కొన్ని వారాలు చేస్తే నీ పేరా నువ్వే దిద్దుకోగలవు.

---

జవాబు: తార్నాక పరిశోధకుడు

పై జవాబు చాలా బాగుంది. ఒక విషయంలో మాత్రం నాకు భయం. ఇది చదివినవాళ్ళు "టాపిక్ సెంటెన్స్ ఎప్పుడూ మొదటి వాక్యమే అయి ఉండాలి" అని పట్టుకుంటారేమో. ఈ ఆలోచన పాఠ్యపుస్తకాల్లోకి వచ్చిన తీరు చూస్తే అంత గట్టిగా పట్టుకోవక్కర్లేదని తెలుస్తుంది.

స్కాట్లాండ్‌కి చెందిన అలెగ్జాండర్ బెయిన్ 1866లో ఇంగ్లిష్ రచన గురించి రాస్తూ పేరాకి కొన్ని సూత్రాలు పెట్టారు. మొదటి వాక్యం పేరా విషయాన్ని స్పష్టంగా చూపించాలన్నది వాటిలో ఒకటి. అయితే ఆ వాక్యం కేవలం రంగం సిద్ధం చేసేదైతే మినహాయింపు ఉందని ఆయనే అన్నారు. పాఠాలు చెప్పేవాళ్ళు సూత్రాన్ని ఉంచుకుని మినహాయింపును మరిచిపోయారు. తర్వాత 1974లో అమెరికాలో రిచర్డ్ బ్రాడక్ అనే అధ్యాపకుడు పత్రికల్లో వచ్చిన వ్యాసాలు తీసుకుని ఒక్కో పేరా పరిశీలించారు. వృత్తి రచయితలు రాసిన పేరాల్లో టాపిక్ సెంటెన్సుతో మొదలైనవి 13 శాతమే అని తేలింది.

మన తెలుగులో క్రియ చివర వస్తుంది. అసలు సంగతి ఆఖర్న తేల్చడం మనకి అలవాటు. ముందు కారణాలు చెప్పుకుంటూ వచ్చి "అందుకే" అని ముగించే పేరాలో కూడా కేంద్ర వాక్యం ఉన్నట్టే. దాన్ని తప్పు అనకూడదని నా అభిప్రాయం.

---

జవాబు: మలక్‌పేట డెస్క్

తప్పు అనను. మీరు చెప్పింది ఒప్పుకుంటాను. చివర వచ్చినా, అసలు రాయకుండా చదివేవాళ్ళకి అందేలా చేసినా, ఆ మాట రాసేవాడి మనసులో ఉంటే చాలు, పేరా నిలబడుతుంది. ఆదివారం సంచికకి వ్యాసం రాసేవాళ్ళని నేనెప్పుడూ మొదటి వాక్యంతో కట్టేయలేదు.

కానీ ఈ తమ్ముడు రాస్తున్నది ఆదివారం సంచికకి కాదు. బ్రాడక్ చూసిన వ్యాసాలు చదివినవాళ్ళు ఇష్టంతో, తీరిగ్గా చదివారు. ఇక్కడ దిద్దేవాళ్ళ ముందు పేపర్ల కట్ట ఉంటుంది, అదే అంశం మీద అందరూ రాసి ఉంటారు. పేరా సగం దాకా వెళ్ళినా విషయం తేలకపోతే వాళ్ళు వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవరు. అందుకే పరీక్షకి మాత్రం మొదటి వాక్యంలోనే పెట్టమంటాను. "అందుకే" అని ముగించే వాక్యం వస్తే మంచిదే. దాన్ని కాపీ చేసుకుని పేరా పైకి తీసుకెళ్ళి, "అందుకే" కొట్టేస్తే చాలాసార్లు సరైన టాపిక్ సెంటెన్స్ దొరుకుతుంది. తమ్ముడూ, ఇది గుర్తుపెట్టుకో. నీ చిత్తుప్రతుల్లో నీకు కావాల్సిన వాక్యం ఎక్కువగా ఆఖర్లోనే దాక్కుని ఉంటుంది.

---

జవాబు: కూకట్‌పల్లి టీచర్

నేను ఎనిమిదో తరగతికి చెబుతాను. పిల్లలకి "టాపిక్ సెంటెన్స్" అంటే బిగుసుకుపోతారు. అందుకని బతుకమ్మ మీద పేరా రాయమన్నాను. అందరూ "బతుకమ్మ తెలంగాణ పండుగ. ఇది తొమ్మిది రోజులు జరుగుతుంది. తంగేడు, గునుగు, బంతి పూలు వాడతారు" అని ఒకేలా రాశారు. అప్పుడు "మీ ఇంట్లో మాత్రమే నిజమయ్యే ఒక వాక్యం చెప్పండి" అని అడిగాను. ఒక అమ్మాయి లేచి "సద్దుల బతుకమ్మ రోజు మా నానమ్మ మాటే మా ఇంట్లో చట్టం" అంది. ఇంక ఆ పేరా దానంతటదే వచ్చింది. పూలు ఎవరు తేవాలి, ఏ వరస తర్వాత ఏ వరస పేర్చాలి, నైవేద్యం ముందు ఎవరూ ముట్టకూడదు, అన్నీ నానమ్మ చెప్పినట్టే. తంగేడు, గునుగు కూడా వచ్చాయి, కానీ నానమ్మ చేతుల్లో వచ్చాయి. మిగతా పిల్లలకి నేను వేరే వివరించాల్సిన అవసరం రాలేదు.

---

జవాబు: చిక్కడపల్లి రీడర్

అందరికీ చాలా థాంక్స్. అక్కా, మీరు మూసీ పేరా తిరిగి రాసింది చూశాక మార్జిన్‌లో ఆ మాట ఎందుకు రాశారో ఇప్పుడు అర్థమైంది. అదే వ్యాసానికి ఇంకో పేరా రాశాను. ముందు టాపిక్ సెంటెన్స్ రాసుకుని, తర్వాత మిగతావి రాశాను. చూడండి:

"చెరువులు మాయమైన చోట వాన నీరు ఇళ్ళలోకి దారి వెతుక్కుంటుంది. 2020 అక్టోబర్‌లో కురిసిన కుండపోత వానలకు హైదరాబాద్‌లో అనేక కాలనీలు నీట మునిగాయి. గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ వైపు కాలనీల్లోకి నీరు చేరింది. ప్రజలు రోజుల తరబడి ఇబ్బంది పడ్డారు. చెరువుల ఆక్రమణలను తొలగించడానికి ప్రభుత్వం 2024లో హైడ్రా అనే సంస్థను ఏర్పాటు చేసింది."

---

జవాబు: మలక్‌పేట డెస్క్

శభాష్. మొదటి వాక్యం చదవగానే "ఎలా?" అనిపించింది. మొదటి పేరాకీ దీనికీ చాలా తేడా ఉంది.

ఇప్పుడు కొంచెం కఠినంగా చూస్తాను, ఏమనుకోకు. నువ్వు అన్న మాట "చెరువులు మాయమైన చోట" అని. ఇచ్చిన ఉదాహరణ గుర్రం చెరువు. అది మాయం కాలేదు కదా? ఉన్న చెరువే, దాని కట్ట తెగింది. అంటే నీ మాట ఒకటి, సాక్ష్యం ఇంకొకటి. చదివేవాళ్ళు వేలు పెట్టి చూపించలేకపోవచ్చు, కానీ ఏదో అతకలేదని వాళ్ళకి తెలిసిపోతుంది. టాపిక్ సెంటెన్స్ ఉన్న పేరాలు కూడా ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటాయి. వాక్యం బాగా కుదిరిందన్న సంతోషంలో కింద ఉన్నది దాన్ని నిజంగా మోస్తోందో లేదో చూసుకోం.

రెండు దారులున్నాయి. చెరువు పూడ్చి కాలనీ కట్టిన చోట నీళ్ళు నిలిచిన ఉదాహరణ నీ దగ్గర ఖాయంగా ఉంటే అది పెట్టు, మొదటి వాక్యం అలాగే ఉంచు. లేదంటే గుర్రం చెరువు ఉంచి మొదటి వాక్యం మార్చు. నాకు రెండోదే మేలనిపిస్తోంది. మనవి గొలుసుకట్టు చెరువులు. పైది నిండితే అలుగు పారి, నాలా గుండా నీళ్ళు కిందిదానిలోకి పోవాలి. ఆ నాలా మూసుకుపోతే నీళ్ళకి వెళ్ళే దారి ఉండదు. "గొలుసుకట్టు తెగితే మిగిలిన చెరువు కూడా ముప్పే అవుతుంది" లాంటి వాక్యం పెట్టి, నాలాల ఆక్రమణ గురించి ఒకటి రెండు వాక్యాలు రాసి, ఆ తర్వాత 2020 వానలకి రా. అప్పుడు తెగిన కట్ట నీ మాటకి సాక్ష్యం అవుతుంది.

"ప్రజలు రోజుల తరబడి ఇబ్బంది పడ్డారు" తీసెయ్యి. ఏ వరద గురించైనా అనగలిగే వాక్యం అది. హైడ్రా వాక్యం కూడా ఇక్కడ వద్దు. ఇది కారణం చెప్పే పేరా, అది పరిష్కారం. దానికి ఇంకో పేరా, ఇంకో టాపిక్ సెంటెన్స్ కావాలి. హైడ్రా వచ్చిందని చెబితే చాలదు, దాని గురించి నువ్వు ఏమంటావో తేల్చుకోవాలి. ఆక్రమణలు తొలగించడం ఒక్కటే చాలంటావా, నాలాలు మళ్ళీ కలపాలంటావా, అక్కడ ఉంటున్న పేదవాళ్ళకి ముందు చోటు చూపించాలంటావా? ఒకటి ఎంచుకుని ఆ పేరా రాసి ఇక్కడే పెట్టు, రాత్రికి చూస్తాను.